రిజిస్టరులో ఒక అంకె
పట్టణ మంచినీటి సరఫరా – ఉద్యోగి బాధ్యత, ఉద్యోగి హక్కు

(ఫెడరేషన్ కార్మిక విద్యా శిబిరములో మున్సిపల్ వాటర్ వర్క్స్ విశ్రాంత ఉద్యోగి ఒకరు చేసిన ప్రసంగ పాఠము)



రైలు నడిపేవారి సభలో, ఉత్తరము చేరవేసేవారి సభలో నీళ్ళు వదిలేవానికి పని ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చును. శిబిర నిర్వాహకులు నన్ను పిలిచినప్పుడు నేనూ అదే ప్రశ్న వేసుకున్నాను. ఆలోచించగా మన ముగ్గురినీ కలిపే వస్తువు ఒకటి కనిపించినది. అది రిజిస్టరు. స్టేషన్ మాస్టరు బల్లపై ట్రైన్ సిగ్నల్ రిజిస్టరు ఉన్నది. కీమాన్ చేతిలో ఆనాడు నడిచిన పట్టా వివరము వ్రాసే డైరీ ఉన్నది. పోస్టుమాన్ సంచిలో సంతకము తీసుకొని ఇవ్వవలసిన ఉత్తరముల జాబితా ఉన్నది. ఫిల్టర్ హౌసులో మాకు క్లోరిన్ రిజిస్టరు ఉన్నది. లైన్ క్లియర్ ఇవ్వకుండానే ఇచ్చినట్లు వ్రాసినచో ఏమగునో మీకు నేను చెప్పనక్కర లేదు. పరీక్షించని నీటిని పరీక్షించినట్లు వ్రాసినచో ఏమగునో చెప్పుటకు మాత్రము నాకు కొంత అర్హత కలదు. ఎందుకనగా ఒకప్పుడు నేను అట్లు వ్రాశాను. ఆ సంగతికి తరువాత వచ్చెదను. ముందుగా మా పని ఏమిటో మీ ముందు ఉంచుట అవసరము.

కాలువ నుండి కొళాయి వరకు

నేను ముప్పది నాలుగు సంవత్సరములు పనిచేసినది డెల్టాలోని ఒక మధ్యరకము పట్టణములో. కృష్ణా, గోదావరి డెల్టాలలోని అనేక పట్టణములవలె దానికీ నీటి ఆధారము కాలువయే. వేసవిలో కాలువలు కట్టివేయుదురు. అందుకు ముందుగానే పెద్ద చెరువులో నీరు నింపుకొనవలెను. దానినే సమ్మర్ స్టోరేజి ట్యాంకు అందురు. కాలువ కట్టిననాటి నుండి తిరిగి వదిలేనాటి వరకు పట్టణము ప్రాణము ఆ చెరువులోనే ఉండును. గట్టు మీద పాతిన కొలబద్ద పైని గీతను రోజూ ప్రొద్దున చూచుట మా మొదటి పని. గీత దిగినకొలది పూటకు వదిలే గంటలు తగ్గించవలెను.

చెరువు నీరు పంపుల ద్వారా శుద్ధి కేంద్రమునకు వచ్చును. అందులో కలిసియున్న సన్నని మట్టి తనంతట తాను త్వరగా దిగదు. అందుకు పటిక కలుపుదురు. ఎంత పటిక అనునది చేతి లెక్కకు వచ్చేది కాదు. ఆరు గాజు పాత్రలలో ఒకే నీరు పోసి, ఒక్కొక్క దానిలో వేరు వేరు మోతాదు పటిక వేసి, నెమ్మదిగా త్రిప్పి, ఏ పాత్రలో నీరు తేటపడినదో చూడవలెను. వానకాలములో ఎర్రనీరు వచ్చినప్పుడు నిన్నటి మోతాదు ఈనాటికి పనికిరాదు. ప్రొద్దుటి మోతాదు సాయంత్రమునకు పనికిరాకపోవచ్చును. పటిక పట్టిన మట్టి ముద్దలుగా మారి అడుగున దిగిన తరువాత, పైని తేటనీరు ఇసుక ఫిల్టరులోనికి పోవును. ఫిల్టరులో మురికి పేరుకొన్నకొలది నీరు దిగుట కష్టమగును. అప్పుడు క్రిందినుండి గాలిని, నీటిని ఎదురు పంపి ఇసుకను కడుగవలెను. ఈ కడుగుట ఒక పూట వాయిదా వేసినను పైకి ఏమీ కనిపించదు. నీరు తెల్లగానే వచ్చుచుండును. ఈ పనిలోని ప్రమాదమంతయు ఇక్కడే కలదు. మా తప్పులు వెంటనే కనిపించవు.

ఇసుక ఫిల్టరు విలువను ప్రపంచమునకు చాటి చెప్పిన సంఘటన 1892లో జర్మనీలో జరిగినది. హాంబర్గ్ నగరము, ఆల్టోనా పట్టణము ప్రక్కప్రక్కనే ఉండెడివి. రెండింటికీ ఎల్బ్ నది నీరే. హాంబర్గ్ ఆ నీటిని వడపోయకుండా పంచినది. ఆల్టోనా ఇసుక ఫిల్టరులలో వడపోసి పంచినది. ఆ సంవత్సరము కలరా వచ్చినప్పుడు హాంబర్గులో ఎనిమిది వేలకు పైగా జనము మరణించారు. నదికి దిగువన, మరింత మురికి నీటిని తీసుకొనుచున్న ఆల్టోనా చాలావరకు తప్పించుకొన్నది. సరిహద్దు వీధిలో ఒక వైపు ఇండ్లలో చావులు, రెండవ వైపు ఇండ్లలో క్షేమము. గాలి ఒకటే, నేల ఒకటే. వేరైనది కొళాయి మాత్రమే.

క్లోరిన్ చెప్పే మాట

ఇసుక మట్టిని, చాలా సూక్ష్మజీవులను ఆపును కాని, అన్నిటినీ ఆపలేదు. పైగా ఫిల్టరు దాటిన తరువాత నీరు మైళ్ళకొలది గొట్టములలో ప్రయాణము చేయవలసి యున్నది. కావున చివర క్లోరిన్ కలుపుదురు. ఒక లెక్క చెప్పెదను. కేంద్ర ప్రజారోగ్య, పర్యావరణ ఇంజనీరింగ్ సంస్థ నిర్ణయించిన ప్రమాణము ప్రకారము భూగర్భ డ్రైనేజి గల పట్టణములో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు ఇవ్వవలెను. లక్ష జనాభాకు అది 1 కోటి 35 లక్షల లీటర్లు. లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున క్లోరిన్ వేయవలెనన్నచో రోజుకు 27 కిలోలు కావలెను. బ్లీచింగ్ పౌడరు రూపములో వేయునప్పుడు, తాజా పౌడరులో నూటికి 30 వంతులు క్లోరిన్ ఉన్నదనుకొనినచో 90 కిలోల పౌడరు పట్టును. అయితే పౌడరు నిలవ ఉన్నకొలది, తేమ, వేడి తగిలినకొలది బలము తగ్గిపోవును. నూటికి 15కు దిగినచో అదే పనికి 180 కిలోలు కావలెను. గోదాములో వర్షపు చెమ్మ తగిలిన బస్తాలనుండి 90 కిలోలు తూచి వేసి, "90 కిలోలు వేయడమైనది" అని వ్రాసినచో ఆ వ్రాత సత్యమే. నీటికి మాత్రము సగము రక్షణయే.

అందుచేత ఎంత వేశామన్నది ముఖ్యము కాదు. ఎంత మిగిలినదన్నది ముఖ్యము. నీటిలోని మాలిన్యము ముందుగా క్లోరిన్‌ను తినివేయును. తినగా మిగిలినదానిని శేష క్లోరిన్ అందురు. మన దేశపు తాగునీటి ప్రమాణము ఐ.ఎస్. 10500 ప్రకారము అది లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గరాదు. నేను చేరిన కాలములో ఆర్థోటాలిడిన్ చుక్కలు వేసి పసుపు రంగు చూచెడివారము. తరువాత డి.పి.డి. మాత్రలు వచ్చినవి, గులాబి రంగు వచ్చును. రంగును పెట్టెలోని గాజు రంగులతో పోల్చి అంకె వ్రాయవలెను. శుద్ధి కేంద్రము వద్ద ఒక మారు, ఓవర్‌హెడ్ ట్యాంకు వద్ద ఒక మారు, చివరి వీధుల కొళాయిల వద్ద ఒక మారు చూడవలెను. అన్నింటికన్న విలువైనది ఆ చివరి కొళాయి వద్ద చూచిన అంకె. అక్కడ నిన్న 0.3 ఉన్నది ఈరోజు సున్నా అయినచో, దారిలో ఏదో క్లోరిన్‌ను తినివేయుచున్నదని అర్థము. ఆ తినివేయునది సామాన్యముగా మురుగు నీరే.

మురుగు ఎట్లు వచ్చును? మన పట్టణములలో నీరు ఇరువది నాలుగు గంటలు రాదు. పూటకు గంటో, రెండు గంటలో వచ్చును. నీరు నిండుగా, ఒత్తిడితో ఉన్నంతసేపు గొట్టమునకు చిల్లి ఉన్నను లోపలి నీరు బయటకు కారునే గాని బయటిది లోనికి రాదు. వాల్వు కట్టివేసిన తరువాత గొట్టము ఖాళీ యగును. అప్పుడు ప్రక్కనున్న మురుగు కాలువలోని నీరు అదే చిల్లిగుండా లోనికి చేరును. మరుసటి పూట వదిలిన నీటితో కలిసి బిందెలోనికి పోవును. మోటారును నేరుగా కొళాయి లైనుకు బిగించి లాగుకొనే ఇండ్ల వలన ఈ పీల్పు మరింత హెచ్చును. కావున "నీళ్ళు వచ్చాయా, రాలేదా" అన్న ఒక్క ప్రశ్న చాలదు.

నేను వ్రాసిన తప్పుడు అంకె

ఇప్పుడు నా సంగతి. నేను ఉద్యోగములో చేరి ఆరేడు సంవత్సరములైనది. మా ఫిల్టర్ హౌసులో షిఫ్టుకు ఇద్దరు ఉండవలెను. ఒకరు పదవీ విరమణ చేసినారు. ఆ ఖాళీ నింపలేదు. ఆ వానకాలమంతయు ఒక్కడినే పన్నెండు గంటల డ్యూటీ చేశాను. పటిక నేనే, ఫిల్టరు కడుగుట నేనే, పంపు మార్చుట నేనే. నీరు వదిలిన తరువాత సైకిలుపై ఆరు వీధులు తిరిగి చివరి కొళాయిల వద్ద పరీక్ష చేయుట కూడా నేనే.

ఒక తెల్లవారుజామున పెద్దవాన. కరెంటు పోయి వచ్చుచున్నది. పంపు వదలి వెళ్ళినచో తిరిగి వచ్చేసరికి ఏమగునో తెలియదు. ట్యాంకు వద్ద చూచినప్పుడు క్లోరిన్ బాగానే ఉన్నది. "ఇక్కడ ఉన్నప్పుడు అక్కడ మాత్రము ఎందుకు ఉండదు" అనుకొన్నాను. కుర్చీలో కూర్చొని ఆరు గడులలో 0.2 అని వ్రాశాను. మరునాడును వాన వెలియలేదు. మరల అట్లే వ్రాశాను.

మూడవనాటికి పట్టణము చివరనున్న ఒక వీధిలో వాంతులు, విరేచనములు మొదలైనవి. పదులకొలది జనము ఆసుపత్రిలో చేరారు. ఆరోగ్య సిబ్బంది వచ్చి మొదట అడిగినది మా రిజిస్టరునే. అందులో 0.2 అని ఉన్నది. నీరు బాగున్నదని తేల్చి, ఆ వీధిలో జరిగిన పెండ్లి భోజనములపై అనుమానపడి రెండు రోజులు వంటవాండ్ర వెంట తిరిగారు. ఆ రెండు రోజులూ జనము అదే కొళాయి నీరు త్రాగుచునే ఉన్నారు.

సోదరులారా, ఈ విషయము గమనించవలసినదిగా కోరుచున్నాను. నేను పరీక్ష చేయకుండా గడి ఖాళీగా విడిచియుండినచో, అది నా తప్పుగా ఉండెడిది కాని, ఆ ఖాళీ చూచిన ఎవరైనను "ఇక్కడ చూడలేదే" అని ఆ వీధికి వెళ్ళియుండెడివారు. నేను వ్రాసిన అంకె ఆ దారిని మూసివేసినది. ఖాళీ గడి తెలియదని చెప్పును. తప్పుడు అంకె తెలుసునని అబద్ధము చెప్పును. ఈ రెండింటికీ భేదము ఆ వీధి జనము అనుభవించారు.

రెండవనాటి రాత్రి నిద్ర పట్టక మా యూనియన్ కార్యదర్శిగారి ఇంటికి వెళ్ళి ఉన్నది ఉన్నట్లు చెప్పాను. ఆయన చాలసేపు మాటాడలేదు. తరువాత, "తమ్ముడూ, నువ్వు చేసింది తప్పు. తప్పు కాదని నేను వాదించను. పొద్దున్నే ఆఫీసుకు పోయి ముందు ఆ మాట చెప్పు, లైను తవ్విస్తారు. ఆ తరువాత, ఆ ఖాళీ నింపమని మనం పెట్టిన మూడు అర్జీలు కూడా నీ కాగితం పక్కన పెడదాం" అన్నారు. అట్లే చేశాము. ఆనాడే గొయ్యి త్రవ్వగా, మురుగు కాలువ అడుగునుండి పోవుచున్న ఒక ఇంటి కనెక్షను గొట్టము తుప్పుపట్టి విరిగియుండుట కనిపించినది.

ఎవరూ మరణించలేదు. ఒక వృద్ధురాలు పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నది. ఆమె ఇంటికి వచ్చిన తరువాత చూడబోయాను. "నాయనా, నీళ్ళు వదిలే అబ్బాయివి నువ్వేనా? వానలో కూడా ఒక్క పూట తప్పలేదు నువ్వు. కూర్చో" అన్నది. ఆ మాటకు నేను ఏమి సమాధానము చెప్పగలను? విచారణలో నాకు ఒక ఇంక్రిమెంటు ఆగినది. ఆ శిక్ష న్యాయమేనని ఆనాడూ అనుకొన్నాను, నేడూ అనుకొనుచున్నాను. నాలుగు నెలల తరువాత ఆ ఖాళీ నింపారు.

వాకర్టన్ పాఠము

ఇది వానకాలములో ఒక చిన్న పట్టణమునకు, అలసిన ఒక మనిషికి మాత్రమే సంబంధించిన కథ అనుకొనరాదు. సంపన్న దేశములో, ఇంతకన్న ఘోరముగా ఇదే జరిగినది.

కెనడా దేశములో ఒంటారియో రాష్ట్రమున వాకర్టన్ అను ఊరు ఉన్నది. 2000 సంవత్సరమున దాని జనాభా సుమారు 5 వేలు. ఊరికి బావుల నీరు. ఆ మే నెలలో భారీ వర్షములు కురిసి, ప్రక్క పొలములోని పశువుల పేడ అయిదవ నంబరు బావిలోనికి చేరినది. అది లోతు తక్కువ బావి. నీటిలో ప్రమాదకరమైన ఇ. కోలై సూక్ష్మజీవి వ్యాపించి 7 గురు మరణించారు. 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు.

న్యాయమూర్తి డెన్నిస్ ఓకానర్ విచారణ జరిపి 2002లో నివేదిక ఇచ్చారు. అక్కడి ఆపరేటర్లు ఎన్నో సంవత్సరములుగా తగినంత క్లోరిన్ వేయుట లేదనియు, శేష క్లోరిన్‌ను రోజూ కొలుచుట లేదనియు, కొలవకుండానే రోజువారీ పత్రములలో 0.5 అనియో, 0.75 అనియో వ్రాయుచుండిరనియు తేలినది. నమూనా ఒకచోట తీసి మరియొక చోట తీసినట్లు వ్రాయుట కూడా జరిగినది. ప్రయోగశాల నుండి నీరు చెడినదని కబురు వచ్చిన తరువాత, ఆరోగ్యశాఖ అడిగినప్పుడు కూడా నీరు బాగున్నదనియే చెప్పారు. వారు దుర్మార్గులు కారు. శుద్ధి చేయని ఆ బావి నీటిని వారు తామే త్రాగెడివారు. అది మంచి నీరని నమ్మారు. వారికి లైసెన్సు ఉన్నది కాని, అది పరీక్ష వ్రాసి సంపాదించినది కాదు. పాత ఉద్యోగులన్న లెక్కతో ఇచ్చినది. క్లోరిన్ ఎందుకు వేయవలెనో, వేయనిచో ఏమగునో వారికి ఎవరూ సరిగా నేర్పలేదు.

నివేదిక అక్కడితో ఆగలేదు. 1996లో ఒంటారియో ప్రభుత్వము మున్సిపాలిటీల నీటిని పరీక్షించే తన ప్రయోగశాలల సేవను మానివేసి, ఆ పనిని ప్రైవేటు ప్రయోగశాలలకు వదిలివేసినది. చెడు ఫలితము వచ్చినప్పుడు ప్రభుత్వ ఆరోగ్యశాఖకు తప్పక తెలుపవలెనన్న నిబంధనను మాత్రము విధించలేదు. కావున ప్రయోగశాల తన ఖాతాదారునకు మాత్రమే తెలిపి ఊరుకొన్నది. పర్యావరణ శాఖ బడ్జెటు కోతలు తనిఖీలను బలహీనపరచినవని న్యాయమూర్తి వ్రాశారు. క్లోరిన్‌ను ఎడతెగక కొలిచే యంత్రము ఒకటి ఆ బావివద్ద అమర్చియుండినచో ఆ ఉపద్రవము జరిగియుండెడిదే కాదని తేల్చారు. తరువాత ఆ రాష్ట్రములో తాగునీటికి ప్రత్యేక చట్టము వచ్చినది. ఆపరేటర్లకు శిక్షణ, పరీక్ష తప్పనిసరి అయినవి.

ఈ కథను యాజమాన్యము ఒక విధముగా చెప్పును: "చూచితిరా, ఉద్యోగులు అబద్ధము వ్రాశారు." మనలో కొందరు మరియొక విధముగా చెప్పుదురు: "చూచితిరా, ప్రభుత్వము కోతలు విధించినది." రెండును నిజమే. ఒకదానిని చెప్పి రెండవదానిని దాచువాడు, కొలవని అంకె వ్రాసినవానితో సమానుడు.

మన దేశమునకు వచ్చినచో, 2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూరులో, 2018 మార్చిలో గుంటూరులో తాగునీటిలో మురుగు కలిసి పలువురు మరణించారు. ఈ రెండును కుగ్రామములు కావు. నీటి పథకములు, ఇంజనీర్లు, ప్రయోగశాలలు గల నగరములు. గొట్టము ఎక్కడ చెడినదో జనము జబ్బుపడిన తరువాత తెలియుట కాదు, ముందు తెలియవలెను. ముందు తెలియుటకు ప్రతి దినము చివరి కొళాయి వద్దకు నడిచే ఒక మనిషి కావలెను.

ఆ మనిషి ఎవరు?

1992లో పార్లమెంటు ఆమోదించి 1993 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పండ్రెండవ షెడ్యూలులో నీటి సరఫరాను మునిసిపాలిటీల పనులలో చేర్చినది. బాధ్యత వచ్చినది. దానితోపాటు మనుషులు వచ్చినారా? పంపు వద్ద, వాల్వు వద్ద, ఫిల్టరు వద్ద పనిచేయువారిలో అనేకులు నేడు కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పద్ధతిపై ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు చివర ప్రారంభమై 2024 జనవరిలోనికి సాగిన మున్సిపల్ కార్మికుల సమ్మెలో ప్రధాన కోరికలలో ఒకటి సమాన పనికి సమాన వేతనము. ఇది కొత్త కోరిక కాదు. తాత్కాలిక ఉద్యోగులకు కూడా ఆ సూత్రము వర్తించునని 2016 అక్టోబరు 26న పంజాబ్ ప్రభుత్వము, జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పియున్నది.

తపాలా సోదరులకు ఇది వేరుగా వివరింపనక్కర లేదు. ఒకప్పటి ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంట్లు, నేటి గ్రామీణ డాక్ సేవకులు మీలోనివారే. పని శాఖది, మనిషి మాత్రము శాఖ మనిషి కాడు అన్న మాట ఎట్టిదో మీకు తెలియును.

ఇందులో జీతము ప్రశ్న ఒక్కటే లేదు. రేపు ఉండునో ఊడునో తెలియని ఉద్యోగి రిజిస్టరులో సున్నా అని వ్రాయగలడా? సున్నా వ్రాసిన మరుక్షణము ఫోను వచ్చును. నాకూ వచ్చినది. ఆ సంఘటన జరిగిన చాలా సంవత్సరములకు, ఒక చివరి కొళాయి వద్ద రంగు రాలేదు. 0.0 అని వ్రాశాను. పై అధికారి ఫోను చేసి, "సున్నా అని రాస్తే పైకి ఏం చెప్పుకోమంటావయ్యా? పాయింట్ టూ వేసెయ్యరాదూ" అన్నారు. "సార్, సున్నా అనే చెప్పండి. గొయ్యి తవ్వి, లైను బాగుచేసి, కడిగాక పాయింట్ టూ నేనే వేస్తాను" అన్నాను. ఆయన కోపగించుకొన్నారు కాని మనుషులను పంపారు. సాయంత్రమునకు పగిలిన జాయింటు దొరికినది. ఆ రోజు ఆ వీధిలో ఎవరికీ జబ్బు రాలేదు. కావున ఆ రోజు సంగతి ఎవరికీ తెలియదు. నేను ఆ మాట అనగలిగినది ధైర్యవంతుడనగుటచేత కాదు. నేను పర్మినెంటు ఉద్యోగిని. నా వెనుక సంఘము ఉన్నది. అదే స్థానములో నెలనెలా కాంట్రాక్టరు దయపై బ్రతికే కుఱ్ఱవాడు ఉన్నచో ఏమి వ్రాసియుండెడివాడు? అతనిని నేను నిందింపజాలను.

మంచి ఉదాహరణ కూడా మన దేశములోనే కలదు. ఒడిశాలోని పూరీ పట్టణములో 2021 జూలైలో ఇరువది నాలుగు గంటల పాటు, కొళాయినుండి నేరుగా త్రాగదగిన నీరు ఇచ్చు పథకము ప్రారంభమైనది. గొట్టములు ఎల్లవేళల నిండుగా ఉండుటచే మురుగు లోనికి చేరే అవకాశము తగ్గును. అక్కడ స్వయంసహాయక బృందముల మహిళలు జలసాథీలన్న పేర ఇంటింటికి వెళ్ళి మీటరు చూచుట, బిల్లు వసూలు చేయుట, నీటిని ప్రజల కన్నుల ఎదుటనే పరీక్షించుట చేయుచున్నారు. ప్రజలు నీటిని నమ్ముటకు ఆ పరీక్ష ఎంతో తోడ్పడినది. అయితే వారికి నెల జీతము కాదు, చేసిన పనినిబట్టి ప్రోత్సాహకము మాత్రమే ఇచ్చుచున్నారు. నీటిని సరిచేయగలిగిన మన దేశము, నీరు పరీక్షించు చేతిని కూడా సరిగా చూచుకొనవలసి యున్నది.

మనము చేయదగినది

చివరగా కొన్ని మాటలు. రైల్వే కాలనీలలో చాలచోట్ల రైల్వేకే సొంత నీటి సరఫరా కలదు. తపాలా ఉద్యోగులు అత్యధికులు మున్సిపల్ కొళాయిపై ఆధారపడియున్నారు. కావున ఈ విషయములో మీరు శ్రోతలు మాత్రమే కారు.

మొదటిది: మీ బ్రాంచి తరపున నెలకొక మారు మీ కాలనీలోని చివరి కొళాయివద్ద శేష క్లోరిన్ పరీక్ష చేయించండి. పరీక్ష పెట్టె పెద్ద ఖర్చు కాదు. పరీక్ష కొద్ది నిముషముల పని. చివరి కొళాయి అను మాట మరువవద్దు. ట్యాంకు ప్రక్కనున్న కొళాయి ఎల్లప్పుడు మంచి మాటయే చెప్పును.

రెండవది: మీ ఇంటి మోటారును నేరుగా కొళాయి లైనుకు బిగించకండి. మీ తొట్టి నిండుటకు ప్రక్క ఇంటి పిల్లవాడు మురుగు త్రాగరాదు. సంప్ కట్టుకొని అందులోనుండి తోడుకొనవచ్చును.

మూడవది: నీళ్ళ రిజిస్టరు చూపుమని అడుగండి. అడిగినప్పుడు అందులో సున్నా కనిపించినచో, వ్రాసినవానిని దండించుమని కోరవద్దు. ఆ సున్నా మిమ్ములను కాపాడినది. నెలంతయు అన్ని గడులలో ఒకే అంకె కనిపించినచో అప్పుడు భయపడండి. నీరు ఏనాడూ అంత క్రమశిక్షణతో ఉండదు.

నాలుగవది: ఖాళీ పోస్టులు నింపవలెనని, శిక్షణ ఇవ్వవలెనని, ఔట్‌సోర్సింగ్ వారికి భద్రత కల్పించవలెనని మున్సిపల్ కార్మికులు అడిగినప్పుడు, అది వారి సొంత కోరిక మాత్రమేనని తలపవద్దు. భద్రత లేని రైలు ఉద్యోగి వలన ప్రయాణికునికి ఎంత ముప్పో, భద్రత లేని నీటి ఉద్యోగి వలన మీ ఇంటికి అంత ముప్పు. ఆ కోరిక మీ తీర్మానములలో కూడా ఉండవలెను.

ఐదవది, మనకు మనము చెప్పుకొనవలసినది. సంఘము సభ్యుని కాపాడవలెను. అందులో రెండవ మాట లేదు. అయితే అబద్ధపు అంకెను కాపాడరాదు. మా కార్యదర్శిగారు ఆ రాత్రి, "ఎవరికీ చెప్పకు, రిజిస్టరు నీ పక్షాన ఉంది" అని యుండవచ్చును. అట్లు అన్నచో నా ఇంక్రిమెంటు మిగిలెడిది. మరి రెండు రోజులో, మూడు రోజులో ఆ వీధి జనము ఆ నీరే త్రాగెడివారు. ఆయన నన్ను నిజము చెప్పించి, ఆ నిజము ప్రక్కన మూడు అర్జీలు పెట్టించారు. సంఘము అనగా ఏమిటో నాకు ఆ రాత్రి తెలిసినది.

ఆయన నేడు లేరు. ఆ ఫిల్టర్ హౌసు ఉన్నది. నేను పదవీ విరమణ చేసిన నాడు అక్కడ చేరిన కుఱ్ఱవానికి రిజిస్టరు అప్పగించుచు ఒక్క మాట చెప్పాను. మీకును అదే చెప్పి ముగించెదను. చూచినది వ్రాయుము. చూడనిచో గడి ఖాళీగా వదులుము. ఆ ఖాళీ ఎందుకు మిగిలినదో అడుగుటకు మేమందరము ఉన్నాము.